రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబడలేకపోతున్నాం, ముందు ఏ పని చేయించాలి?

కావలి షెడ్డు:

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంటి పక్కనే కారు కోసం వేసుకున్న షెడ్డు ఉంది. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. మూడు వైపులా ఇటుక గోడలు, పైన మామూలు జీఐ రేకులు, ముందు రోలింగ్ షట్టర్. వీధి పడమర వైపు ఉంది కాబట్టి షట్టర్ కూడా అటే.

పేరుకి కారు షెడ్డే గానీ అందులో సగం మా నాన్నది. ఆయన మోటార్లు రివైండింగ్ చేస్తారు, అంటే లోపల కాలిపోయిన తీగ చుట్లు తీసి కొత్తవి చుట్టడం. రిటైర్ అయ్యాక మానేస్తారనుకున్నాం, ఇంకా ఎక్కువైంది. ఎండాకాలం వస్తే బోరు మోటార్లు కాలిపోవడం ఎక్కువ, అంటే షెడ్డు ఎప్పుడు మండిపోతుందో అప్పుడే ఆయనకి పని. అన్నం తిని కాసేపు పడుకోమంటే, "అక్కడ రైతు నీళ్ల కోసం కూర్చోనుంటే నేను పడుకునేది ఎట్టా" అంటారు.

మొన్న మూడు గంటలప్పుడు బయట నీడలో 41 డిగ్రీలుంటే, లోపల ఆయన బల్ల దగ్గర 46 చూపించింది. సీలింగ్ ఫ్యాన్ వేస్తే పైనున్న వేడంతా నెత్తి మీదికి వస్తోంది. ఇంట్లో పాత కూలర్ తెచ్చి పెట్టాం. ఒళ్లంతా జిడ్డు, పనిముట్లకి తుప్పు. పైగా వైండింగ్‌కి తేమ పడదని నాన్న దాన్ని రెండో రోజే బయట పెట్టేశారు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఆ మూలే ఉంది, డిస్టిల్డ్ వాటర్ ఊరికే ఇంకిపోతోంది.

తెలిసినాయన ఒకరు ఏసీ పెట్టేయమన్నారు. ఇంకొకరు థర్మోకోల్ ఫాల్స్ సీలింగ్ అన్నారు. నేను బెంగళూరులో ఉంటాను, నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చినప్పుడే పని జరగాలి. చేతిలో 30 వేలున్నాయి. అన్నీ ఒకేసారి కుదరవు. ఏది ముందు?

పొదిలి వాసి:

కూలర్ పనికిరాదంటే నమ్మలేకపోతున్నా బ్రదర్. మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూలరే దిక్కు. రాత్రిపూట దుప్పటి కప్పుకుంటాం. కిటికీ తెరిచి, కూలర్ వెనక భాగం బయటికి ఉండేలా పెట్టి చూశారా? గది మూసి లోపలి గాలినే తిప్పితే ఎక్కడైనా ఉక్కే.

టంగుటూరు రైతు:

పొదిలి అబ్బాయి చెప్పింది పొదిలికి నిజమే. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు ఆవిరవుతాయి, గాలి చల్లబడుతుంది. కావలికి తుమ్మలపెంట సముద్రం ఎంత దూరం? మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఆ గాలిలో ముందే తేమ ఉంటుంది. దానికి ఇంకా నీళ్లు తాపితే జిడ్డు తప్ప చల్లదనం రాదు. పడమటి గాలి కొట్టే రోజుల్లో కూలర్ మీకూ పనిచేస్తుంది గానీ, వైండింగ్ చేసే చోట తేమ వద్దన్నారంటే మీ నాన్నగారిదే రైటు.

నేను పొగాకు రైతుని. గదిని చల్లబరచడం కాదు, వేడిగా నిలబెట్టడం నా పని. ఆకు ఆరబెట్టే గదిని బ్యారన్ అంటాం. అందులో ఆకు ఈనె ఆరేటప్పటికి 160 ఫారెన్‌హీట్ దాకా తీసుకుపోతాం, అంటే మీ లెక్కలో సుమారు 71 డిగ్రీలు. వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, ఏ కంత మూస్తే నిలుస్తుంది అన్నది తెలియకపోతే ఆకు నల్లబడుతుంది, గ్రేడు పోతుంది. ఆ లెక్కన చూస్తే మీ షెడ్డు తలకిందులుగా కట్టిన బ్యారన్. మాకు కింద గొట్టాలు కాలుతాయి, మీకు పైన రేకు కాలుతుంది. మేం వేడి పోకూడదనుకున్నప్పుడు పై కిటికీ మూస్తాం. మీకు ఆ కిటికీయే లేదు, ఏడాది పొడుగునా మూసినట్టే.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం మూడింటికి మీ నాన్న బల్ల దగ్గర నిలబడి అరచెయ్యి పైకి పట్టండి, రేకుకి తగలకుండా. తర్వాత షట్టర్ వైపు పట్టండి. తర్వాత ఒక్కో గోడ వైపు. సెగ ఎటునుంచి కొడుతుందో చెయ్యే చెబుతుంది. మళ్లీ ఐదింటికి అదే చేయండి. మూడింటికి పైకప్పు, ఐదింటికి షట్టర్ అని తేలుతుందని నా అంచనా. మే మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తినే ఉంటాడు, ఆగస్టు రెండో వారంలో మళ్లీ వస్తాడు. ఆ ఎండంతా నేరుగా రేకు మీదే. ఆ రేకు కింద ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. మీకు తగిలేది గాలి వేడి ఒకటే కాదు, రేకు నుంచి దిగే సెగ. దాన్ని ఫ్యాన్ ఆపలేదు.

కాబట్టి మొదటి ఖర్చు రేకు పైన. రేకుల్ని బాగా కడిగి, తుప్పు మచ్చలు గీకి ప్రైమర్ కొట్టి, తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించండి. సున్నం కొట్టమని ఎవరైనా అంటే వినబాకండి. శ్లాబు మీద సున్నం బాగుంటుంది, చవక కూడా. జీఐ రేకు మీద నిలవదు, మొదటి వానకే పెచ్చులు లేస్తుంది. పెయింటు పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదికల్లా దిగిపోవాలి. ఆ తర్వాత రేకు కాలిపోతుంటుంది, బ్రష్షు లాగేలోపే పెయింటు ఆరిపోయి చారలు పడుతుంది. కాళ్లు కాలడం సరేసరి. రేకు మధ్యలో అడుగు వేయనివ్వబాకండి, కింద ఇనప దూలం ఉన్న వరసలోనే నడవాలి, అది కూడా పలక అడ్డం వేసుకుని. ఏటా ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి, దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు.

రెండోది షట్టర్. పడమటి ఎండ సాయంత్రం అడ్డంగా వస్తుంది, పైన ఎంత పెద్ద చూరు దించినా దాని కిందనుంచి దూరుతుంది. నిలువునా అడ్డం ఉండాలి. షట్టర్‌కి బయట అడుగు దూరంలో నర్సరీల వాళ్లు కట్టే పచ్చ వల, 75 శాతం నీడ ఇచ్చేది, పైన పైపుకి గుచ్చి తెరలాగా లాక్కునేట్టు కట్టండి. వెదురు తడక అయితే ఇంకా మంచిది. షట్టర్‌కి ఆనించి కట్టబాకండి, మధ్యన గాలి ఆడాలి. లోపలివైపు కర్టెన్ కడితే చాలదా అని అడగబాకండి, అప్పటికే ఎండ ఇనుముని కాల్చేసి ఉంటుంది.

మూడోది కంతలు. మీకు వెనక గోడ తూర్పు కదా, సముద్రపు గాలి వచ్చేది అటే. ఆ గోడకి నేల నుంచి అడుగున్నర ఎత్తులో రెండు జాలీలు పెట్టించి, లోపల ఇనప మెష్ కొట్టించండి, ఎలకలూ పాములూ రాకుండా. షట్టర్ పెట్టె పైన, రేకు కిందుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్. కింద జాలీ లేకుండా పైన ఫ్యాన్ ఒకటే పెడితే అది ఊరికే తిరుగుతుంది, కరెంటు దండగ. గాలి రావడానికి దారి ఉంటేనే పోవడానికి దారి.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:

రైతన్న చెప్పిన వరస నాకు నచ్చింది. నేను రెండు ముక్కలు చెబుతా, ముఖ్యంగా ఆ ఏసీ సంగతి.

రివైండింగ్ అన్నారు కదా, అంటే వార్నిష్, థిన్నర్ ఉంటాయి. మూలన ఇన్వర్టర్ బ్యాటరీ. ఛార్జింగ్ అయ్యేటప్పుడు ఆ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఇవన్నీ ఉన్న గదిని ఏసీ కోసం కంతలు మూసి బిగిస్తారా? దయచేసి వద్దు. అదీ కాక ఉత్త రేకు కింద ఏసీ అంటే కంప్రెసర్ ఆగదు, షట్టర్ పక్క సందుల్లోంచి చల్లదనం వీధిలోకి పోతుంది. మీటరు మాత్రం తిరుగుతుంది.

బ్యాటరీని అక్కడి నుంచి తీసేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. 45 దగ్గర రోజూ ఉడికితే ఎన్నేళ్లు వస్తుందో మీరే లెక్కేసుకోండి. నీళ్లు ఊరికే ఇంకిపోతున్నాయంటే కారణం అదే అయి ఉంటుంది. ఇంటికి తూర్పున గాని ఉత్తరాన గాని వరండా ఉంటే అక్కడ గాలి తగిలేచోట పెట్టండి. వైరు పొడవు పెరుగుతుంది కాబట్టి బ్యాటరీ ఒక్కదాన్నే కాకుండా ఇన్వర్టర్‌తో సహా జరపాలి.

థర్మోకోల్ గురించి: అది వేడిని బాగానే ఆపుతుంది. కానీ టంకం రాడ్, గ్రైండర్ నిప్పురవ్వలు, థిన్నర్ ఆవిరి ఉన్నచోట నెత్తిమీద థర్మోకోల్ పరచడమంటే నాకు భయం. డబ్బు మిగిలితే రేకు కింద అల్యూమినియం ఫాయిల్ షీటు వేయించుకోండి, అదీ మంటకి తొందరగా అంటుకోని రకం అడిగి. రేకుకి అంటించేయకుండా కనీసం అంగుళం సందు వదలాలి. ఒక పక్కే మెరుపు ఉన్న రకమైతే మెరిసే వైపు కిందికి ఉండాలి. షాపు వాళ్లు కూడా చాలామంది పైకి పెట్టమంటారు. పైకి పెడితే దుమ్ము పడి మెరుపు పోతుంది, పని చెయ్యదు. కిందికి ఉంటే దుమ్ము పట్టదు. మెరిసే లోహం తాను వేడెక్కినా సెగ తక్కువ వదులుతుంది, కిటుకంతా అక్కడే.

మాదీ షెడ్డే:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది సిమెంటు రేకులు, పాతవి, నల్లగా పాచిపట్టి ఉన్నాయి. వైరు బ్రష్షుతో రుద్ది పెయింటు వేయొచ్చా?

ఒంగోలు ఎలక్ట్రీషియన్:

పొడిగా రుద్దొద్దండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నీళ్లతో బాగా తడిపి, మెత్తటి చీపురుతో కడిగి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని చేయాలి. డ్రిల్లు వేయడం, కోయడం అసలు పెట్టుకోవద్దు. పగుళ్లు ఎక్కువుంటే రేకులే మార్చుకోవడం మేలు.

నెల్లూరు నర్సు:

షెడ్డు సంగతి అందరూ చెబుతున్నారు. నేను మీ నాన్నగారి గురించి రాస్తున్నా.

మే నెలలో మా వార్డుకి వచ్చే వడదెబ్బ కేసుల్లో రోడ్డు మీద ఎండలో పడిపోయిన వాళ్లే ఉంటారనుకోకండి. ఇంట్లో, షెడ్డులో, నీడలోనే కూర్చుని పనిచేసుకునే పెద్దవాళ్లు కూడా ఉంటారు. దాహం వేస్తేనే తాగుతాం అంటారు, పెద్దవయసులో దాహం సరిగ్గా తెలియదు. బల్ల మీద నీళ్ల బాటిల్ కళ్ల ముందు ఉండాలి. మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వండి, బీపీ ఉంటే ఉప్పు ఎంతన్నది వాళ్ల డాక్టరుని అడగండి. బీపీకి నీళ్ల మాత్రలు, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి, వాడుతుంటే ఇంకా జాగ్రత్త.

మాట తడబడటం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి తడిపి, విసరండి. చెమట పడుతూనే ఉందని ధైర్యంగా ఉండొద్దు, కష్టం చేసేవాళ్లకి చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఇంకోటి. కారు వచ్చీరాగానే లోపల పెట్టేస్తున్నారా? మా ఆయనా అంతే. ఇంజిను వేడంతా షెడ్డులో వదిలినట్టే కదా. బానెట్టు చల్లారేదాకా వేపచెట్టు కింద ఉంచమని నేను రోజూ పోరుతుంటాను.

మా షెడ్డుకి పడమర పక్కన వలకి బదులు దొండ పందిరి వేశాం. నీడకి నీడ, కూరకి కూర. వేసిన ఏడాది పెద్దగా నీడ రాదు, అందుకని వల కూడా కట్టుకోండి.

కావలి షెడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్న చేత చెయ్యి పట్టించి చూశాను. మూడింటికి నెత్తి మీద, ఐదింటికి షట్టర్ దగ్గర, రైతు బాబాయ్ చెప్పినట్టే. మూడింటికి షట్టర్ వైపు కూడా కొంచెం తగులుతోంది. నాన్న మీ పోస్టు రెండుసార్లు చదివించుకుని "ఈయన బ్యారన్ మనిషి, ఈయనకి తెలుసు" అన్నారు. నేను అదే మాట చెబితే ఇన్నేళ్లూ వినలేదు.

ఏసీ ఆలోచన మానేశాం. ఇన్వర్టర్ ఉత్తరం వరండాలోకి మారుస్తున్నాం. రేపు తెల్లవారే రేకులు కడగడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడాను. పెయింటు, వల, జాలీలు ఈ విడత. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించడం నాన్న చేతి పనే. ఫాయిల్ దసరాకి వచ్చినప్పుడు చూస్తా.

ఒక అనుమానం. వల ఏడాదంతా అలాగే ఉంచొచ్చా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పక్కింటి వాళ్ల వల వచ్చి మా కరెంటు తీగల మీద పడింది. మా రేకు కూడా ఒకటి ఒక అంచున లేచింది.

టంగుటూరు రైతు:

ఉంచబాకండి. సెప్టెంబరు ఆఖరుకి విప్పి చుట్టి అటక మీద వేసేయండి, సంక్రాంతి దాటాక మళ్లీ కట్టుకోవచ్చు. అందుకే తెరలాగా లాక్కునేట్టు కట్టమన్నా.

రేకు లేచిందంటే ఇప్పుడే చూడాలి, పెయింటు వేశాక కాదు. కడిగే మనుషులు పైకి ఎక్కినప్పుడు రేకుని దూలానికి పట్టి ఉంచే ప్రతి జె బోల్టూ బిగించమనండి. బోల్టు కింది వాషర్ ఎండకి బీటలు తీసి ఉంటుంది, అది మార్చి, ఆ తలకాయ చుట్టూ సీలెంట్ పెట్టి అప్పుడు పెయింటు కొట్టించండి. లేకపోతే తెల్లటి రేకుల కింద వానాకాలంలో బకెట్లు పెట్టుకోవాలి. ఇద్దరు కూలీలూ మీరూ పైన ఉన్నప్పుడు నాన్నగారిని మాత్రం నిచ్చెన ఎక్కనివ్వబాకండి. ఆయన ఎక్కుతారు, నాకు తెలుసు.