రెండేళ్లలో మూడుసార్లు కాలిన బోరు మోటారు: ఏ పరికరం పెట్టిస్తే ఆగుతుంది?

తోతాపురి రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి, ఎకరం టమోటా. బోరు 700 అడుగులు, మోటారు 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నా, తోట నాయన చూసుకుంటాడు. మొన్న మోటారు మళ్లీ కాలింది. రెండేళ్లలో ఇది మూడోసారి. పైపులు పైకి లాగాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. ఈలోగా టమోటా వాడిపోతుంది. స్టార్టర్ పెట్టెలో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (మూడు ఫేజుల్లో, అంటే మూడు కరెంటు తీగల్లో, ఒకటి పోతే మోటారును ఆపేది) ఉంది, అయినా కాలుతోంది. ఫోన్‌తో మోటారు వేసి ఆపే మొబైల్ స్టార్టర్ పెట్టిస్తే ఈ బాధ తప్పుతుందా? నాయనకు 68 ఏళ్లు. వానలో తడుస్తూ పెట్టె దగ్గరికి పోతుంటే ఇక్కడ నాకు టెన్షన్.

కుప్పం పాడి:
మాకు మొబైల్ స్టార్టర్ ఉంది అన్నా. ఇంట్లోంచే ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, మీ నాయనకు తిరుగుడు తగ్గుతుంది. కానీ ఆటో మోడ్‌లో వదలొద్దు. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. మాకు అట్లే ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది.

చిత్తూరు వైండింగ్ షాపు:
తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్నా. ఏదైనా కొనే ముందు ఒక పని చెయ్యి. ఈసారి షాపులో మోటారు విప్పేటప్పుడు దగ్గరుండి చూడు. పాత తీగ కోసి పారేశాక కారణం దొరకదు.

చుట్టలన్నీ ఒకే తీరుగా నల్లబడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో, పంపు పట్టేయడమో, నీళ్లు లేకుండా తిరగడమో అయి ఉంటుంది. ఒక్కచోట మాత్రం చిల్లు పడినట్టు కాలితే అక్కడ ఇన్సులేషన్ తెగింది, పిడుగు దెబ్బ కూడా కావచ్చు. రెండు ఫేజుల చుట్టలు బొగ్గయి, మూడోది కొత్తదానిలా మెరుస్తుంటే ఆ మోటారు రెండు ఫేజుల మీద నడిచింది. బోరు మోటార్లు ఎక్కువగా స్టార్ కనెక్షన్‌వే (మూడు చుట్టల ఒక్కో కొసను ఒకేచోట కలిపినవి), అందుకే అట్లా కాలతాయి. 12 ఆంప్స్ కరెంటు లాగాల్సింది అప్పుడు 20 దాకా లాగుతుంది.

ప్రివెంటర్ ఉన్నా ఎందుకు కాలుతుందంటావా, చాలా ప్రివెంటర్లు వోల్టేజీని చూసేవి. ఆగి ఉన్న మోటారుకు ఒక ఫేజు రాకపోతే పట్టుకుంటాయి. కానీ తిరుగుతున్న మోటారుకు ఫేజు పోతే, ఆ మోటారే ఖాళీ తీగలోకి తన వోల్టేజీ పంపుతుంది. ప్రివెంటర్ మూడూ ఉన్నాయనుకుంటుంది. ఇంకోటి, అది చూసేది స్టార్టర్‌లోకి వచ్చే సప్లైనే. ఆ తర్వాత కాంటాక్టర్‌లో (మోటారుకు మూడు ఫేజులనూ కలిపి, విడదీసే స్విచ్చు) ఒక పాయింట్ కాలిపోయి ఉంటే దానికి తెలిసే దారే లేదు. మూడు తీగల్లో పారే ఆంప్స్‌ను కొలిచి, తేడా వస్తే మోటారును ఆపే రిలే పెట్టించు. ఆంప్స్ పడిపోతే నీళ్లు లేవని కూడా అదే ఆపుతుంది. స్టార్టర్‌లో ఎక్కువ ఆంప్స్ లాగితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ముల్లును మోటారు నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంప్స్ దగ్గరే ఉంచండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పైకి తిప్పేస్తారు, నా దగ్గరికి వచ్చే మోటార్లలో సగం అట్లా వచ్చినవే. దయచేసి ఆ పని చేయొద్దు.

పుత్తూరు రిటైర్డ్ ఆపరేటర్:
సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాడిగా ఒక మాట. అక్కడి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాంకుకూ పైనున్న ఆయిల్ డబ్బాకూ మధ్య పైపులో బుక్‌హోల్జ్ రిలే ఉంటుంది. 1921లో జర్మనీలో మాక్స్ బుక్‌హోల్జ్ కనిపెట్టాడు. లోపల ఎక్కడైనా వేడెక్కి ఆయిల్ నుంచి గ్యాస్ వస్తే ఆ బుడగలు అందులో చేరి పై ఫ్లోట్ దిగుతుంది, అలారం మోగుతుంది. పెద్ద షార్ట్ అయి ఆయిల్ ఒక్కసారిగా తోసుకొస్తే కింది ఫ్లోట్ లైన్‌నే ట్రిప్ చేస్తుంది. రాత్రి డ్యూటీలో ఆ అలారం విని నేను లేచి పరిగెత్తిన రోజులున్నాయి.

మన పొలాల దగ్గరి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు అదేమీ లేదు, దాన్ని కాపాడేది ఫ్యూజే. దాని లెక్క ఫేజుకు 33 ఆంప్స్. 7.5 హెచ్‌పీ మోటార్లు రెండు తిరిగితే 24 అయిపోయింది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడితే ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. బాబూ, మీ నాయనను మాత్రం ఆ ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కనివ్వొద్దు. లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి.

తోతాపురి రైతుబిడ్డ:
అన్నలకు, పెద్దాయనకు దండాలు. నిన్న సెలవు పెట్టి షాపులో కూర్చున్నా. మీరు చెప్పినట్టే రెండు ఫేజులు నల్లగా కరిగి ముద్దయ్యాయి, మూడోదాని తీగ ఎర్రగా మెరుస్తోంది. సాయంత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తో స్టార్టర్ విప్పించాం. కాంటాక్టర్‌లో నడిమి పాయింట్ అరిగి, చుట్టూ నల్ల పొడి. మూడుసార్లు మోటారు బాగు చేయించాం గానీ ఈ పెట్టె ఒక్కసారీ విప్పలేదు. నాయన ఆ పాయింట్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొత్త కాంటాక్టర్, ఆంప్స్ చూసే రిలే తెచ్చా. మోటారు శనివారం దించుతున్నాం.