ఆలంపురం లజ్జాగౌరి మ్యూజియంలోనే ఉండాలా, మళ్లీ పూజలోకి రావాలా?

తుంగభద్ర_ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు):
ఆలంపురం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది జోగులాంబను, బాలబ్రహ్మేశ్వరుణ్ని చూసుకుని నేరుగా కర్నూలు బండెక్కేస్తారు. అక్కడే ఉన్న పురావస్తు మ్యూజియంలోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. అందులో ఒక శిల్పం ఉంది. మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా పెట్టి, కాన్పుకు సిద్ధమైనట్టున్న స్త్రీ. రెండు చేతుల్లో తామర మొగ్గలు. మెడ మీద తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామరపువ్వు. బాదామి చాళుక్యుల నాటి పని. పుస్తకాల్లో లజ్జాగౌరి అంటారు. ఊళ్లో చెప్పుకునే కథ వేరు. పరశురాముడు తల్లి రేణుక తల నరికాక ఆ తల ఎల్లమ్మ అయిందని, మొండెం భూదేవిగా ఇక్కడ నిలిచిందని, సంతానం లేని ఆడవాళ్లు ఆమెను కొలిస్తే కడుపు పండుతుందని నమ్మకం.

నా ప్రశ్న ఇదే. నమ్మకం ఇంకా బతికే ఉంది, దేవత మాత్రం ప్రదర్శన వస్తువు అయిపోయింది. ఇది న్యాయమా? కెనడాలో రెజీనా విశ్వవిద్యాలయం దగ్గరున్న అన్నపూర్ణ విగ్రహం 2021లో తిరిగొచ్చి, అదే ఏడాది నవంబరు 15న కాశీ విశ్వనాథుడి గుడిలో ప్రతిష్ఠ జరిగింది. సముద్రాలు దాటిపోయిన అమ్మకు వందేళ్ల తర్వాత పూజ దొరికింది. గుడికి పిలుపు దూరంలో ఉన్న అమ్మకు ఎందుకు దొరకదు?

రాతిపని:
అన్నపూర్ణతో పోలిక ఇక్కడ అతకదు. ఆ విగ్రహం వారణాసిలో దొంగతనం అయింది, తిరిగి ఇవ్వడం దొంగసొత్తు వాపసు. ఆలంపురం శిల్పాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఉన్న ఊళ్లోనే కాపాడుతున్నారు. అయినా విదేశాల నుంచి వచ్చినవన్నీ గుళ్లకు చేరాయా? తమిళనాడు పత్తూరు నుంచి పోయిన నటరాజు విగ్రహం కోసం లండన్‌లో కేసు గెలిచి 1991లో తీసుకొచ్చారు. తెచ్చి తిరువారూరులో విగ్రహాల భద్రతా కేంద్రంలో పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని లోఖరి నుంచి పోయిన ఎద్దు తల యోగిని దేవత విగ్రహం 2013లో పారిస్ నుంచి వచ్చింది, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో కూర్చుంది.

ఇక రాయి సంగతి. నూనె, వెన్న, పసుపు, కుంకుమ రోజూ పడితే ఏమవుతుందో పాత గుళ్లలో ఎవరైనా చూడొచ్చు. జిడ్డు పేరుకుని, దానిమీద దుమ్ము అంటుకుని, నగల గీతలు, వేళ్ల మధ్య సందులు పూడిపోతాయి. తర్వాత ఎవరో భక్తితోనే పీచు పెట్టి తోముతారు. పదమూడు శతాబ్దాలు నిలిచిన చెక్కడం ముప్పై ఏళ్లలో నున్నగా అయిపోతుంది.

నిక్కచ్చి:
ఆగమం ప్రకారం భిన్నమైన, అంటే విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. తల లేని దాన్ని గర్భగుడిలో పెడతారా? పైగా ఆ భంగిమ చూడండి. ఇంటిల్లిపాదీ పిల్లలతో వెళ్లే చోట అలాంటిది పెట్టాలని అడగడానికి కూడా కొంచెం ఆలోచించాలి. మ్యూజియమే దానికి తగిన చోటు.

పాలమూరు_బిడ్డ:
నిక్కచ్చి గారూ, తల విరిగిపోలేదండీ. చెక్కినవాడే తల బదులు తామర చెక్కిండు. రేకులు లెక్కపెట్టొచ్చు, అంత శుభ్రంగా ఉంది. దాన్ని భిన్నం అనడానికి లేదు.

భంగిమ గురించి. కాన్పు గది సంగతి తెలిసిన ఏ ఆడమనిషికీ అందులో ఇబ్బందేం కనపడదు. చెక్కించిన రాజులకు లేని సిగ్గు, మొక్కిన ఆడవాళ్లకు లేని సిగ్గు, ఇప్పుడు మనకెందుకు పుట్టింది? అదే ఆలంపురం గుళ్ల మీద మిథున శిల్పాలున్నాయి. పిల్లలు చూస్తరని వాటికి గుడ్డ కడుతున్నమా?

కర్ణాటకలో ఐహోళె దగ్గర సిద్దనకొళ్లకు పోయి చూడండి. అక్కడ కూడా తామర తల అమ్మే ఉంది, చాళుక్యుల కాలందే. ఇప్పటికీ పూజలున్నయి. సంతానం కావాలని దంపతులు వస్తరు. వాళ్లను చూసి ఎవరి సంస్కారమూ చెడిపోలేదు. ఆ చుట్టుపక్కలే నాగనాథకొళ్లలో దొరికిన ఇంకో లజ్జాగౌరి, అందరూ ఫొటోల్లో చూసేది, బాదామి మ్యూజియంలో పెట్టిన్రు. ఒకే సీమ, ఒకే కాలం, ఒకే అమ్మ. ఒకామెకు పువ్వులు, ఇంకొకామెకు నంబరు చీటీ. ఏ లెక్కన ఇట్ల విడదీసిన్రో ఎవరన్నా చెప్పాలె.

రాతిపని:
లెక్క ఉందమ్మా. కేంద్ర పురావస్తు శాఖ పాటించే పద్ధతి, 1958 చట్టం తర్వాత స్థిరపడింది. ఒక కట్టడాన్ని రక్షణలోకి తీసుకునే నాటికి పూజ జరుగుతుంటే దాన్ని ఆపరు, జరగకపోతే కొత్తగా మొదలుపెట్టనివ్వరు. ఆలంపురంలోనే చూడండి, తొమ్మిది బ్రహ్మ ఆలయాల్లో పూజ ప్రధానంగా బాలబ్రహ్మలోనే. స్వర్గబ్రహ్మ శిల్పంలో దానికంటే ఎంత గొప్పదైనా ఖాళీగానే ఉంది. లజ్జాగౌరికి మినహాయింపు ఇస్తే రేపు స్వర్గబ్రహ్మలో అభిషేకాలంటారు, ఎల్లుండి విశ్వబ్రహ్మలో. దానికి అంతెక్కడ?

గోంగూర_గ్యాంగ్:
అసలు గొడవ వేరే ఉంది. ఈమె మొదటి నుంచీ ఊరి దేవత. పంట పొలం, కడుపు పంట, ఇవే ఆమె పని. వేదాలు చదివేవాళ్లు తర్వాత వచ్చి గుడిలోకి లాక్కుని, సిగ్గనిపించాక బయట పడేశారు. ఇప్పుడు మళ్లీ గుడికి ఇవ్వండి అంటే ఎవరికి ఇచ్చినట్టు? గుడి వాళ్లకా, ఊరి ఆడవాళ్లకా?

శాసనాల_పిచ్చి:
గోంగూర తమ్ముడూ, నీ చివరి ప్రశ్న మంచిది, ముందు చెప్పిన కథ మాత్రం మరీ సులువుగా ఉంది.

నాగార్జునకొండలో ఇదే భంగిమ శిల్పం ఒకటి దొరికింది. నడుము పైభాగం విరిగిపోయింది, కానీ రాతి మీద ప్రాకృతంలో శాసనం మిగిలింది. చేయించినది మహాదేవి ఖండువుల, ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుడి రాణి. తన గురించి ఆమె చెప్పుకున్నది రెండే మాటలు, భర్త ఉన్నది, కొడుకులు బతికి ఉన్నవారు. ఇది మూడో శతాబ్దం చివర, నాలుగో శతాబ్దం మొదట. ఇక్ష్వాకుల ఇంటి ఆడవాళ్లంటే మనకు గుర్తొచ్చేది బౌద్ధ స్తూపాలకు, ఆరామాలకు ఇచ్చిన దానాలు. అదే లోయలో పిల్లల్ని కాచే బౌద్ధ దేవత హారీతికి కూడా గుడి ఉంది. అంటే బౌద్ధమా, వైదికమా, ఊరి పూజా అని మనం గీసే గీతలు ఆ ఇంట్లో లేవు. కొడుకులు బతకాలని రాణి ఎవరిని మొక్కుకుందో, కూలికి పోయే తల్లి కూడా బహుశా ఆమెనే మొక్కుకుంది.

అటు పక్క వాదం కూడా చెప్పాలి. 1956లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఈమెను ఋగ్వేదపు అదితితో కలిపింది. పదో మండలం 72వ సూక్తంలో భూమి 'ఉత్తానపదం' నుంచి పుట్టిందని ఉంది, కాళ్లు చాచి ప్రసవించే రూపం అని ఆమె తీసుకున్న అర్థం. వినడానికి బాగుంటుంది. కానీ ఆ సూక్తానికీ, మనకు దొరికిన మొదటి బొమ్మలకూ మధ్య వెయ్యేళ్ల పైనే ఖాళీ. ఆ మొదటి బొమ్మలేమో మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ లాంటి సాతవాహన కాలపు ఊళ్లలో దొరికిన చిన్నచిన్నవి, చేతిలో ఇమిడేవి. యజ్ఞశాలలో వాడేవిలా లేవు, ఇంట్లో గూట్లో పెట్టుకునేవిలా ఉన్నాయి. నా మట్టుకు, ఇంటి నుంచి రాణివాసానికి, అక్కడి నుంచి రాతి గుడికి వెళ్లింది అనుకోవడమే సాక్ష్యానికి దగ్గర.

చాళుక్యుల దగ్గరికొచ్చేసరికి ఇందులో రాచరికం కలిసింది. వాళ్ల తామ్రశాసనాలు తమను తాము హారీతి పుత్రులమని, సప్తమాతృకలు పెంచినవాళ్లమని చెప్పుకుంటాయి. తల్లుల పేరుతో రాజ్యం చెప్పుకున్న వంశం, తామర తల తల్లిని రాతిలో పెద్దదిగా చెక్కించడంలో వింతేముంది? కాబట్టి ఎవరో లాక్కున్నారనే కథ కంటే, అందరూ పంచుకున్నారనే కథే నాకు నమ్మబుద్ధి అవుతుంది. సిగ్గు తర్వాతి కాలం సరుకు, ఆ మాట ఒప్పుకుంటాను.

డాలస్_అన్నయ్య:
శాసనాల పిచ్చి గారికి దండాలు, ఈ రాణి సంగతి తెలియదు నాకు.

మధ్యేమార్గం ఒకటి చెప్తా. అసలు శిల్పం మ్యూజియంలోనే ఉండనివ్వండి. ఆళ్లగడ్డ శిల్పులతో అచ్చం అలాంటిదే రాతిలో చేయించి, ప్రాణప్రతిష్ఠ చేసి ఊళ్లో చిన్న గుడి కట్టండి. మన పద్ధతిలో దేవుణ్ని చేసేది ప్రతిష్ఠ, రాయి వయసు కాదు కదా. జోగులాంబ విషయంలో ఏం జరిగింది? పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో పోయింది, అమ్మవారు బాలబ్రహ్మ గుడిలో తలదాచుకుంది, కొత్త గుడి కట్టి 2005లో ప్రతిష్ఠించారు. ఇప్పుడు అష్టాదశ పీఠాల్లో ఒకటిగా జనం క్యూ కడుతున్నారు. విరాళాలకు ఇక్కడి మనవాళ్లు ముందుకొస్తారు, ఆ టెన్షన్ వద్దు.

పాలమూరు_బిడ్డ:
అన్నా, మీ మనసు మంచిదే. కానీ జోగులాంబకు పెట్టింది పాత విగ్రహమే అంటరు, నకలు కాదు. అక్కడే మీ పోలిక తెగింది.

ఇంకో మాట. గుడి కట్టంగనే ఏమైతదో నాకు తెలుసు. కమిటీ, హుండీ, అర్చన టికెట్, సంతాన అభిషేకానికి స్పెషల్ టికెట్. ఆడవాళ్లు కటాంజనం అవతల, పూజారి లోపల. ఈ అమ్మ దగ్గర పద్ధతి అది కాదు. మధ్యలో ఎవరూ లేకుండా చేత్తో వెన్న రాసి, ముట్టుకుని మొక్కేది. పిల్లలు లేని మనిషికి ఆ ముట్టుకోవడమే సగం ధైర్యం. గోంగూర తమ్ముడు అడిగింది ఇదే, ఎవరికిస్తున్నం అని. గుడికిస్తే నేనూ ఒప్పుకోను.

నిక్కచ్చి:
గుడికీ ఇవ్వొద్దు, మ్యూజియంలోనూ ఉండొద్దు. మరి మీకేం కావాలి?

పాలమూరు_బిడ్డ:
మ్యూజియంలోనే ఉండనియ్యి. కానీ ఆమె ముందు పువ్వు పెట్టడానికి, పసుపు కుంకుమ ఒక పళ్లెంలో పెట్టడానికి ఆడవాళ్లను రానియ్యాలె. రాయి మీద పోయొద్దంటే పొయ్యం. శుక్రవారం ఒక్క పూట టికెట్ లేకుండా తెరవాలె. చట్టం కొత్త పూజ వద్దంటది, సరే. ఇది కొత్త పూజ కాదు, పళ్లెంలో పువ్వు.

రాతిపని:
పళ్లెం దూరంగా పెట్టి, శిల్పాన్ని ముట్టుకోనంత వరకు నాకు అభ్యంతరం లేదు. చాలా మ్యూజియంలలో జనం చెప్పకుండానే నాణేలు, పువ్వులు పెట్టి పోతున్నారు, కాపలా వాళ్లు చూసీచూడనట్టు ఊరుకుంటున్నారు. దానికో పద్ధతి పెట్టడం మంచిదే. కాకపోతే ముట్టుకోవడమే సగం ధైర్యం అన్నావు ఇందాక. అది మాత్రం ఇందులో దొరకదు.

పాలమూరు_బిడ్డ:
దొరకదు. అందుకే డాలస్ అన్నయ్య చెప్పిన నకలును గుడిలో కాదు, మ్యూజియం బయట చెట్టు కింద పెట్టమంటున్న. ప్రతిష్ఠ వద్దు, పూజారి వద్దు, హుండీ అసలే వద్దు. నూనె, వెన్న అన్నీ దాని మీదే.

శాసనాల_పిచ్చి:
దీనికి నా ఓటు. ఒక్క షరతు. ఆ చెట్టు కింద బోర్డులో ఖండువుల పేరు కూడా తెలుగులో రాయాలి.

గోంగూర_గ్యాంగ్:
చెట్టు కింద పెట్టిన ఆర్నెల్లకు రేకుల షెడ్డు, ఏడాదికి గోపురం లేస్తాయి. మన ఊళ్లు నాకు తెలియవా అక్కా. దానికి ఏం చేస్తారో ముందు చెప్పండి.