పాత 800లో ముందు చక్రం మోత: బేరింగా, టైరా? సుత్తితో కొట్టించొచ్చా?

పాత800
మాది 2005 మారుతి 800, నాన్నగారు కొన్నది. 40 దాటితే కుడివైపు ముందు నుంచి గుయ్‌మని మోత. 60లో మాటలు వినపడవు. న్యూట్రల్‌లో వదిలినా ఆగట్లేదు, అంటే ఇంజన్ కాదు. బండి ఎడమకి తిప్పితే పెరుగుతోంది. మా వీధి మెకానిక్ "కుడి బేరింగు పోయింది, రెండు గంటల్లో ఇక్కడే కొట్టేసి ఇస్తా" అంటున్నాడు. వేయించెయ్యనా?

ఆటోనగర్‌వాసి
వేయించెయ్ తమ్ముడూ. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగిందంటే కుడి బేరింగే.

లెక్కల_మాస్టారు
ఆగండి. ముందు టైరు మీద అరచెయ్యి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్ళలా తగిలితే మోత టైరుది కావచ్చు. ముందు టైర్లు వెనక్కి మార్చి అదే రోడ్డు మీద నడపండి. 2019లో నాకూ ఇదే "ఎడమకి తిప్పితే కుడి" చెప్పి కుడి బేరింగు మార్చారు. మోత పోలేదు. ఎడమది మార్చారు. పోలేదు. చివరికి చూస్తే టైరు.

ఆటోనగర్‌వాసి
మాస్టారూ, మీ బండిలో టైరైతే అందరి బండ్లలో టైరేనా?

లెక్కల_మాస్టారు
అలా అన్నానా? టైర్లు మార్చి చూడమన్నాను. పైసా ఖర్చు లేదు.

గోదారిగట్టు
జాకీ ఎక్కించి చూడండి ముందు.

లెక్కల_మాస్టారు
అదీ చెయ్యాలి. జాకీ ఒక్కటే నమ్మకుండా కింద స్టాండు పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు) ఉంటే పక్కనున్నవాళ్ళని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింట్ లాంటిదేదో. ఆట లేనంత మాత్రాన బేరింగు బాగున్నట్టు కాదు. కాయిల్ స్ప్రింగు మీద ఒక చెయ్యి వేసి రెండో చేత్తో చక్రం తిప్పండి. పోయిన బేరింగైతే గరగర వేళ్ళకి తెలుస్తుంది.

ఆటోనగర్‌వాసి
ఇదంతా మెకానిక్కి చెవితోనే తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు
ఆ చెవే నాచేత రెండు బేరింగులు కొనిపించింది. ఇంకోటి, "ఇక్కడే కొట్టేస్తా" అంటే సుత్తితోనేగా? నాకు వేసిన కొత్త బేరింగు నాలుగు నెలలకే పాడైంది. విప్పి వేలితో తిప్పితే టిక్, టిక్, టిక్. రేసులో, అంటే బాల్స్ దొర్లే రింగులో, బాల్ బాల్‌కీ ఒక సన్నటి గుంట, అన్నీ సమాన దూరంలో. నకిల్‌లోకి, అంటే బేరింగు కూర్చునే ఇనప దిమ్మలోకి, ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రేసు మీదే పడాలి. లోపలి రేసు మీద కొడితే ఆ దెబ్బ బాల్సే తింటాయి.

ఆటోనగర్‌వాసి
మా నాన్న ముప్ఫై ఏళ్ళు సుత్తితోనే వేశాడు. పాత బయటి రేసు అడ్డం పెట్టి, చుట్టూ సమంగా కొట్టేవాడు. ఒక్కరూ తిరిగి రాలేదు. మీకు పడనిది సుత్తి కాదు, మెకానిక్కులు.

లెక్కల_మాస్టారు
తిరిగి రాలేదంటే బాగుపడినట్టా? నేనూ ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళలేదు!

చిన్నకారు_సుధ
బాబోయ్. పాపం ఆయన తన కారు గురించి అడిగారు.

ఆటోనగర్‌వాసి
సరే, విషయం చెప్తా వినండి. బేరింగుని కొట్టకుండా నొక్కి ఎక్కించే ప్రెస్సు మా దగ్గర ఉండదు. నకిల్ మొత్తం విప్పి, స్కూటర్ మీద పెట్టుకుని లేత్ షాపుకి పోవాలి. అక్కడ వరుస. రానూపోనూ గంటన్నర. ఆ గంటన్నరకి డబ్బులడిగితే "పక్కషెడ్డు వాడు మూడొందలకే చేస్తానన్నాడు" అంటారు. సుత్తి మాకు సరదా అనుకున్నారా? ఆ మూడొందలకి వచ్చేది సుత్తే.

లెక్కల_మాస్టారు
ఆ మాట ముందే ఎందుకు చెప్పరు? ప్రెస్సుకి ఇంతవుతుంది అంటే ఇస్తాను. చెప్పకుండా కొట్టేసి, తర్వాత మోతొస్తే "మీరే డూప్లికేట్ తెచ్చారు" అని నా మీదకి తోశారు. బిల్లున్న షాపులో కొన్నాను. నాకు మండింది అక్కడ, బేరింగు దగ్గర కాదు.

ఆటోనగర్‌వాసి
అలా తోయడం తప్పే. కానీ చెప్పినప్పుడు ఇచ్చేవాళ్ళు పదిమందిలో ఇద్దరు.

పాత800
ఆదివారం జాకీ ఎక్కించాను. పైనా కిందా ఊపితే టకటక. మా ఆవిడ బ్రేకు తొక్కగానే ఆగిపోయింది. ప్రెస్సు ఖర్చు వేరే ఇస్తానంటే మెకానిక్ మారుమాట లేకుండా నకిల్ విప్పాడు. పాత బేరింగులో గ్రీజు నల్లగా మాడిపోయింది, రేసు మీద పొట్టు లేచిపోయి ఉంది. యాక్సిల్ నట్టు కూడా కొత్తదే వేయించి, చక్రం నేల మీద ఆన్చాకే టార్క్ రెంచితో (ఎంత బిగించాలో అంతే బిగించే రెంచి) బిగించమన్నాను. ఇప్పుడు 70లో కూడా నిశ్శబ్దం.

లెక్కల_మాస్టారు
సంతోషం. టైర్లు మార్చి చూశారా?

పాత800
లేదండీ.