సమస్య: గెలిచినట్టి రాజు గిన్నె పట్టె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను. హరిశ్చంద్రుడి దగ్గరికి పరుగెత్తకండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అప్పులతో నడిపిన దౌత్యం మీదే పూరించాలి. గణయతులతో పాటు చరిత్రనూ పట్టి చూస్తాం.

లఘువు:
యుద్ధ మాగె గాని యొడలెల్ల డస్సెను
లెండు లీజు సాయ మెండిపోయె
కీన్సు నావ నెక్కి కేలు చాచగ నేగె
గెలిచినట్టి రాజు గిన్నె పట్టె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతికి బదులు వేసిన ప్రాసయతి (లెండు-మెండి) హాయిగా కుదిరింది. 1945 ఆగస్టులో జపాను లొంగగానే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆ లెండ్-లీజ్ సాయాన్ని, అంటే యుద్ధంలో మిత్రదేశాలకు ఇచ్చిన సరుకుల సాయాన్ని, ఆపేశారు. నెలాఖరుకు బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్సు అమెరికాతో మాట్లాడటానికి ఓడెక్కారు. అంతవరకు సరే. కేలు చాచాక మళ్ళీ గిన్నె ఎందుకు? పునరుక్తి. పైగా షరతు ఏదీ? కీన్సు ఉచిత సాయం మీద ఆశ పెట్టుకుని వెళ్తే, దక్కింది 2 శాతం వడ్డీకి 375 కోట్ల డాలర్ల అప్పు. ఆ వడ్డీ కంటే షరతులే ఎక్కువ కుట్టాయి.

ప్రాసప్రియ: షరతుతోనే మొదలుపెట్టాను.
అప్పు చేతికిచ్చి యందులో షరతుగా
పౌండు మార్పు తలుపు బార్ల తెరువ
ఐదు వారములకె యడుగంటె డాలర్లు
గెలిచినట్టి రాజు గిన్నె పట్టె

లఘువు: "తెరువ" తర్వాత "ఐదు" విసంధి, అచ్చుల మధ్య సంధి కలవలేదు. "నైదు" అనండి, యతికి ఢోకా లేదు. లెక్క మాత్రం కచ్చితం: 1947 జులై 15న పౌండ్లను డాలర్లుగా మార్చుకోనిచ్చారు, పౌండ్లున్నవాళ్ళంతా ఎగబడ్డారు, ఆగస్టు 20న తలుపు మూశారు. మన సంగతి కూడా ఉండాల్సింది. యుద్ధకాలంలో బ్రిటన్ మనకు పడ్డ బాకీ వంద కోట్ల పౌండ్లకు పైనే. అలాంటి బాకీల్లో కొంత కోత పెట్టించాలన్న మాట కూడా ఈ ఒప్పందంలో ఉంది. అప్పు వాళ్ళిద్దరి మధ్య, కోత మనకు!

తాళపత్రం: ఇద్దరూ లండన్ దాటలేదు. గెలిచినవాడు మాస్కోలోనూ ఉన్నాడు.
లెక్క చూపుమనిన లేచెను మొలొటోవు
ప్యారిసందు సభను వదలి నడచె
ఎవ్వరైన నన్ను నెగతాళి సేయరే
గెలిచినట్టి రాజు గిన్నె పట్టె

నిర్వాహకుడు: సమస్యను ఎగతాళి చేసేవాళ్ళ నోట పెట్టడం బాగుంది, నా ఓటు దీనికే. మూడో పాదం చివర "అని" లేని లోటు కొంత తెలుస్తోంది. ఐరోపాను నిలబెట్టడానికి అమెరికా ఇవ్వజూపిన మార్షల్ సాయం కావాలంటే ఐరోపా దేశాలు ఉమ్మడి పథకం వేసి, తమ వనరుల వివరాలు బయటపెట్టాలి. ఆ మాట మింగుడుపడకే సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ 1947 జులై 2న సభ వదిలారు. వస్తామన్న చెకొస్లొవేకియా చేత కూడా స్టాలిన్ ఆ మాట వెనక్కి తీయించారు.

ప్రాసప్రియ: పద్యం బాగుంది, మొలొటోవ్‌కు ఆ ఎగతాళి భయమే నమ్మబుద్ధి కాదు. 1945 జనవరిలో అమెరికాను 600 కోట్ల డాలర్ల అప్పు అడిగింది ఈ మొలొటోవే. దాన్ని రాజకీయ బేరానికి వాడుకుందామని మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్ వాషింగ్టన్‌కు రాశారు. చివరికి ఆ అప్పు రానేలేదు. గిన్నె అప్పటికే పట్టినట్టు కాదా?

తాళపత్రం: అడిగిన తీరు చూడండి. యుద్ధం ముగిస్తే మీ కార్ఖానాలకు పని తగ్గుతుంది, మేం సరుకు కొంటే మీకే మేలు అన్న ధోరణి అది. గిన్నె పట్టినవాడు అలా మాట్లాడతాడా?

నిర్వాహకుడు: ఆ మాటే పద్యంలో పెట్టండి. ఆదివారం దాకా గడువుంది.