కోమలి విశ్వాసం: ఎవరి మీద ఎవరికి?

పెదవాల్తేరు పాఠకుడు: నిన్న సాయంత్రం మా వీధి చివర ఎన్నికల సభ జరిగింది. ఎదుటి పక్షం తరఫున ఒక మహిళ నిలబడ్డారు. ఆమెను ఎద్దేవా చేస్తూ ఒక వక్త సుమతీ శతకంలోని ‘కోమలి విశ్వాసంబును బాములతో జెలిమి’ అని ఎత్తుకుని, వేముల తియ్యదనం దాకా చదివి ఆగిపోయాడు. చప్పట్లే చప్పట్లు. నాలుగో పాదం నాకు నాలుక చివరే ఉంది, రాదు. ‘...నమ్మికలును బొంకుర సుమతీ’. ఎవరి నమ్మికలు?

ఛందోపిచ్చి: భూమీశుల, అంటే ఏలేవాళ్లవి. ఆయన మరిచిపోలేదండీ, మింగాడు. అది పలికితే మైకు ముందున్నవాడే పద్యంలోకి వచ్చేస్తాడు.

పూర్ణామార్కెట్ మాస్టారు: అది సరే, నన్ను ముప్పై ఏళ్లుగా తొలుస్తున్నది మొదటి పాదం. కోమలి మన మీద ఉంచే విశ్వాసమా, మనం కోమలి మీద ఉంచేదా? సమాసంలో విభక్తి దాక్కుంది. బడిలో రెండోదే చెప్పాను. కానీ భూమీశుల నమ్మికలంటే రాజులు మనకిచ్చే భరోసా కదా! ఆ లెక్కన మొదటిదే కావాలి.

లాసన్స్‌బే అమ్మమ్మ: ఎలా విడదీసినా బొంకు ఆవిడ నెత్తినే పడుతోంది మాస్టారూ. పక్కన పాములొకటి.

ఛందోపిచ్చి: అదంతా ప్రాస చేసిన పని. యతి చూడండి, ‘భూ’కు ‘బొం’. ఆ రెండు మాటలూ విడదీయరానివి. కవి పద్యాన్ని కింది నుంచి కట్టుకొచ్చాడని నా సిద్ధాంతం. గురి రాజు మీదే. ప్రతి పాదంలో రెండో అక్షరం మకారం కావాలి కనుక కోమలి వచ్చింది.

లాసన్స్‌బే అమ్మమ్మ: మకారమే కావాలంటే ‘గ్రామణి విశ్వాసంబును’ అనవచ్చుగా? ఊరి పెద్దను వదిలేసి మమ్మల్నే పిలిచాడేం?

ఛందోపిచ్చి: గణాలు వేసి చూశాను. సరిపోయాయి. ధార లేదు.

లాసన్స్‌బే అమ్మమ్మ: వందేళ్లు వల్లెవేయించండి, ధార అదే వస్తుంది.

సింహాచలం సంపెంగ: బద్దెన రుద్రమదేవికి సామంతుడని చెబుతారు. ఆవిడేమో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో ఏలింది. మరి ఆవిడ కోమలా, భూమీశుడా? దెబ్బ మొదటి పాదంలోనూ తగిలింది, చివరి పాదంలోనూ తగిలింది.

పూర్ణామార్కెట్ మాస్టారు: సుమతి బద్దెనదేనని ఎవరు తేల్చారమ్మా? మగపేరు అన్నారు కనుక గుర్తొచ్చింది. కన్యాశుల్కం 1909 నాటి రెండో కూర్పులో మధురవాణి మన విశాఖలోనే సౌజన్యారావు పంతులి ఇంటికి వెళ్తుంది. ఎలా? మగవేషంలో! వేశ్య ముఖం చూడనన్న సంస్కర్త ఆయన. నిజం తెలిసినది ఆవిడకు, ఆ నిజం గుమ్మం దాటాలంటే తలపాగా కావాలి. గురజాడ ఒక్క వేషంతో చెప్పిన దానికి మనం ఇక్కడ విభక్తులు వెతుకుతున్నాం.

ఛందోపిచ్చి: విభక్తుల గొడవ మొదలుపెట్టింది తమరే.

సింహాచలం సంపెంగ: రెండో పాదంలో ‘అన్యభామల’ వేరే ఉంది. అంటే కోమలి ఇంటావిడే అన్నమాట. ఇది ఇంకా ఘోరం.

పూర్ణామార్కెట్ మాస్టారు: ఒప్పుకోను. సాయంత్రం వివరంగా రాస్తాను.

పెదవాల్తేరు పాఠకుడు: ఆదివారం మళ్లీ సభ ఉందట. ముందు వరుసలో కూర్చుని, ఆయన ఆగిన చోట నాలుగో పాదం అందించాలని ఉంది.

పూర్ణామార్కెట్ మాస్టారు: అందించండి. ‘బొంకురా’ అని మాత్రం దీర్ఘం తీయకండి, గణం చెడుతుంది.