ఊళ్ళో ఉంటే లక్షన్నర, టౌన్‌లో ఉంటే రెండు లక్షలు... ఈ ఫీజు లెక్క ఎప్పుడు మారుస్తారు?

మూసీ ఒడ్డు:
ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, బీసీలం. బాపు రైస్‌మిల్లులో గుమస్తా, నెలకు 14,000, అంటే ఏడాదికి 1,68,000. చెల్లెకు ఎప్‌సెట్‌లో 38 వేల ర్యాంకు, కన్వీనర్ కోటాలోనే హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది, ఫీజు 90 వేలు. ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి సర్కారు ఇచ్చేది 35 వేలే, మిగతా 55 వేలు మేమే కట్టుకోవాలి, అది తెలిసే చేర్పించాం. ఇప్పుడు ఆ 35 వేలు కూడా రావంటున్నారు. పల్లెల్లో ఆదాయ పరిమితి లక్షన్నర అట, మేం 18 వేలు ఎక్కువ సంపాదిస్తున్నామట! మా చిన్నాయనదీ అదే మిల్లు, అదే జీతం, కానీ ఉండేది టౌన్‌లో, అక్కడ రెండు లక్షల దాకా ఓకే, ఆయన కొడుక్కి వస్తుంది. పల్లెలో కిరాయి తక్కువ అంటారేమో, చెల్లె హాస్టల్ ఉండేది హైదరాబాద్‌లో కదా. ఈ పరిమితి పెంచమని ఎవరైనా అడుగుతున్నారా? ఈలోపు మాకు వేరే దారేమైనా ఉందా?

గడియారం సెంటర్:
దీనికెందుకు తమ్మీ ఇంత టెన్షన్. 1,40,000 అని రాయించు, అయిపోయె. మా వాడకట్టులో అందరూ చేసేది అదే.

మూసీ ఒడ్డు:
తెలియక కాదన్నా. అప్లికేషన్ నింపే ఆయన ఆదాయం గడిలో పెన్సిల్‌తో 1,40,000 అని రాసిచ్చి, దాని మీద పెన్నుతో దిద్దుకోండి అన్నాడు. బాపు ఇంటికి తెచ్చి చెల్లె రబ్బరు తీసుకొని చెరిపేశాడు. రోజంతా బస్తాల లెక్క రాసేటోన్ని, నా లెక్క నేనే తప్పు రాసుకుంటానా అన్నాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో.

పాలమూరోడు:
బ్రదర్, పరిమితి లోపలే ఉన్న నా కథ కూడా విను. నాలుగేళ్ళూ పోర్టల్‌లో శాంక్షన్ అనే చూపించింది. 2023లో బీటెక్ అయిపోయి టీసీ, మెమోలు అడగడానికి పోతే, సర్కారు నుంచి రెండేళ్ళ డబ్బులు రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి, వచ్చాక వాపస్ ఇస్తాం అన్నారు. జాబ్ జాయినింగ్‌కు తొమ్మిది రోజులే టైముంది. అమ్మ పుస్తెలతాడు జడ్చర్లలో కుదువ పెట్టి 70 వేలు కట్టినం. తాడు విడిపించింది నా జీతంతోనే, కాలేజీ నుంచి మాత్రం ఇంకా ఒక్క రూపాయి రాలేదు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలన్నీ బంద్ పెట్టినాయి, గుర్తుందా? వేల కోట్లు రావాలి అన్నారు. పాతవే కట్టలేని వాళ్ళు పరిమితి పెంచి ఇంకో లక్షమందిని చేర్చుకుంటే క్యూ పొడుగవుతుంది, అంతే. ముందు బకాయిలు కట్టమనండి.

చాక్‌పీసు:
నేను ఒక ప్రైవేటు కాలేజీలో చెప్తాను. బకాయిల నొప్పి మాకూ తెలుసు, పోయిన ఏడాది నాలుగు నెలలు జీతం లేదు. అయినా పాలమూరోడితో ఒప్పుకోను. బకాయిలు తీరేదాకా పరిమితి మాట ఎత్తొద్దంటే ఆ మాట ఎప్పటికీ ఎత్తలేం. ఓసీల్లో పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు. పక్కన ఆంధ్రలో విద్యా దీవెన అనే ఫీజుల పథకానికి పల్లె, పట్నం తేడా లేకుండా రెండున్నర లక్షలు పెట్టారు, డబ్బు తల్లి ఖాతాలో వేశారు. మన దగ్గర పల్లెటూరి బీసీ ఇంటికి మాత్రం నెలకు 12,500 దాటితే చేయి దులుపుకుంటారు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ వాళ్ళు విద్యా భరోసా కార్డు కింద చదువు ఖర్చుకు ఐదు లక్షలన్నారు, ఆ మాటే చేతిలో పట్టుకొని అడగాలి. అడిగితే కదలరని కాదు, 2024 నవంబర్ నుంచి కాలేజీ హాస్టళ్ళ మెస్ ఛార్జీలు నెలకు 1500 నుంచి 2100 చేశారు కదా.

డబ్బు విద్యార్థి ఖాతాకే వేస్తే సర్టిఫికెట్లు ఆపే సాకు కొంత తగ్గుతుంది. ఎస్సీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం తన 60 శాతం వాటా అలాగే వేయాలని పెట్టింది. దాంట్లోనూ తిప్పలున్నాయి, ఇంట్లో అవసరానికి ఆ డబ్బు వాడేసి ఫీజు కట్టలేక నా ముందు తల దించుకున్న పిల్లలున్నారు. అయినా నాకు అదే మేలనిపిస్తుంది.

మూసీ ఒడ్డు, మీకు పనికొచ్చేది ఇది. ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, ఇంటికి ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. మెరిట్ చూస్తారు కాబట్టి గ్యారంటీ లేదు, కానీ ఫస్టియర్‌లోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టించండి. లోన్‌కు పోతే, 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళకు చదువుకునే కాలం వడ్డీ కేంద్రమే కట్టే స్కీం ఉంది, కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఒక్క మాట, స్పాట్ అడ్మిషన్‌కు, మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంటే రాదు, ఇది తెలియక ఏటా మునిగేవాళ్ళున్నారు.

గడియారం సెంటర్:
సార్, ఆ ప్రగతి డిప్లొమాకు కూడా ఇస్తారా? మా అక్క బిడ్డ పాలిటెక్నిక్‌లో చేరింది.

చాక్‌పీసు:
ఇస్తారు. దానికి వేరే లిస్టు, 50 వేలే.

మూసీ ఒడ్డు:
థాంక్స్ సార్, రాత్రే పోర్టల్ తెరిచి చూశాం. దానికి కూడా ఆదాయం సర్టిఫికెట్ అడుగుతున్నారు. రేపు పొద్దున బాపు మిల్లుకు పోయే ముందే పోతున్నాం, ఈసారి పెన్నుతోనే రాశాడు, 1,68,000.