వలసల విషయంలో కోర్టులు ప్రభుత్వాల చేతులు కట్టేస్తున్నాయా? ఇటలీ, అల్బేనియా క్యాంపుల సంగతి

పాలకొల్లు శ్రీను:
వలసలు ఆపుతామని చెప్పి మరీ గెలిచిన ప్రభుత్వం ఇటలీలో ఉంది. ప్రధాని మెలోనీ 2023 నవంబరులో అల్బేనియాతో ఒప్పందం చేసుకున్నారు. సముద్రంలో దొరికినవాళ్లను అక్కడి క్యాంపులకు తీసుకెళ్లి, అసైలం (ఆశ్రయం) దరఖాస్తులు అక్కడే తేల్చేస్తారు. ఐదేళ్లకు దాదాపు 67 కోట్ల యూరోల లెక్క. అంతా కట్టాక రోమ్ కోర్టు అడ్డం పడింది, 2025 ఆగస్టు 1న లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య (ఈయూ) న్యాయస్థానం కూడా ఆ జడ్జిల వైపే మొగ్గింది. వచ్చినవాళ్ల సొంత దేశం సురక్షితమేనా అన్నదే అక్కడ గొడవ. ఏ దేశం సురక్షితమో తేల్చాల్సింది ప్రభుత్వమా, జడ్జిలా? అదే ఏడాది మే నెలలో ఇటలీ, డెన్మార్క్ సహా తొమ్మిది దేశాలు, ఈయూ న్యాయస్థానం కాని మరో కోర్టు, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, వలసల విషయంలో మరీ దూరం పోతోందని బహిరంగ లేఖ రాశాయి. తొమ్మిది ప్రభుత్వాలూ ఊరికే రాస్తాయా? ఇలాగే సాగితే జనం ఇంకా కరుడుగట్టిన పార్టీల వైపు పోతారు, పోతున్నారు కూడా.

నాగావళి:
శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది గానీ అసలు కేసులో ఏం జరిగిందో ఒకసారి చూడండి. 2024 అక్టోబరులో లిబ్రా అనే ఇటలీ నేవీ ఓడ 16 మందిని అల్బేనియాలోని షెంజిన్ రేవులో దింపింది. 10 మంది బంగ్లాదేశీయులు, 6 మంది ఈజిప్టువాళ్లు. పిల్లల్ని, ఆరోగ్యం బాగోలేనివాళ్లను పంపకూడదని రూలు. తీరా దిగాక ఇద్దరు మైనర్లని, ఇంకో ఇద్దరి పరిస్థితి బాగోలేదని తేలి, ఆ నలుగురినీ వెనక్కి పంపారు. మిగిలిన 12 మందిని జాడర్‌లోని క్యాంపులో పెట్టి, వాళ్ల దరఖాస్తులు చకచకా తిరస్కరించేశారు. మనిషి అల్బేనియాలో, జడ్జి రోమ్‌లో, మధ్యలో వీడియో స్క్రీన్. అక్టోబరు 18న కోర్టు ఆ నిర్బంధం చెల్లదంది.

ఎందుకు చెల్లదంది? సురక్షిత దేశం నుంచి వచ్చినవాళ్లనే ఆ స్పీడు పద్ధతిలో పెట్టొచ్చు. బంగ్లాదేశ్ సురక్షితమని ఇటలీ అంటోంది, కానీ ఆ దేశం గురించి ఇటలీ విదేశాంగ శాఖ తయారు చేసిన పత్రంలోనే మైనారిటీలకు, స్వలింగ సంపర్కులకు, రాజకీయ కేసులున్నవాళ్లకు మినహాయింపులు రాసుకున్నారు! రెండు వారాల ముందే, చెక్ రిపబ్లిక్ నుంచి వెళ్లిన కేసులో, మాల్డోవాలోని ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతం విషయమై, దేశంలో ఒక భాగం సురక్షితం కాకపోతే ఆ దేశాన్ని సురక్షిత దేశాల జాబితాలో పెట్టకూడదని ఈయూ న్యాయస్థానం చెప్పేసింది. రోమ్ జడ్జిలు దాన్ని పాటించారు, అంతే.

ప్రభుత్వం అప్పుడేం చేసింది? మూడు రోజుల్లో జాబితాను 19 దేశాలకు కుదించి, ఆర్డినెన్సుగా తెచ్చింది. చట్టమైతే జడ్జి నోరెత్తడని వాళ్ల లెక్క. మీరు చెప్పిన ఆగస్టు తీర్పు వచ్చింది దీని మీదే. అందులో ప్రభుత్వానికి అనుకూలమైన మాట కూడా ఉంది: చట్టంతో ప్రకటించుకోవచ్చు. కాకపోతే ఏ ఆధారాలతో ప్రకటించారో దరఖాస్తుదారుకూ జడ్జికీ చూపించాలి, జడ్జి వాటిని పరిశీలించగలగాలి. ఒక మనిషిని లోపల పెట్టి, కారణం చూపించమంటే చూపించనంటే ఎలా?

మిలన్ తెలుగువాడు:
ఇక్కడ ఉంటున్నవాడిగా రెండు మాటలు. 2023 సెప్టెంబరులో లాంపెడూసా దీవికి రెండు మూడు రోజుల్లో వచ్చినవాళ్లు ఆ ఊరి జనాభా కంటే ఎక్కువ. ఆ ఊళ్లో ఉండేదే ఆరు వేల మంది. అలాంటప్పుడు మామూలు జనానికి తీర్పుల్లోని సెక్షన్లు ఎక్కవు. ఈయూలో డబ్లిన్ రూలు అని ఒకటి, దాని ప్రకారం చాలామంది ఆశ్రయం కేసుల బాధ్యత మొదట అడుగుపెట్టిన దేశానిదే అవుతుంది. 2015లో మిగతా ఈయూ దేశాలు గ్రీస్, ఇటలీల నుంచి లక్షా అరవై వేల మందిని పంచుకుంటామన్నాయి, పంచుకున్నది సుమారు 35 వేలు. ఇటలీ కోపంలో నిజం లేదని ఎవరూ అనకండి.

నాగావళి:
అన్నా, మీరు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. కానీ ఆ మోసం చేసింది తోటి ప్రభుత్వాలు, జడ్జిలు కాదు. పైగా ఈయూ న్యాయస్థానం హంగరీని కూడా వదల్లేదు: ఆశ్రయం అడిగే దారే మూసేసినందుకు 2024 జూన్‌లో 20 కోట్ల యూరోల జరిమానా, పాటించేదాకా రోజుకు 10 లక్షలు. హంగరీ తలుపు మూసేస్తే ఆ భారం మిగతా దేశాల మీదే కదా పడేది.

ఇంకో సంగతి, ఇది మనకూ తగిలేది. 2025 ఏప్రిల్‌లో ఈయూ పాలన చూసే యూరోపియన్ కమిషన్ ఈయూ మొత్తానికి ఒకే సురక్షిత దేశాల జాబితా ప్రతిపాదించింది. బంగ్లాదేశ్, ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా, కొలంబియా, కొసావోలతో పాటు అందులో ఇండియా కూడా ఉంది. ఆశ్రయం దొరికే శాతం 5 లోపు ఉన్న దేశాలనే ఎంచుకున్నామని కమిషన్ వాదన. సరే, చాలామంది ఉపాధి కోసమే వెళ్తున్నారనుకుందాం. ఆ మిగతా కొద్దిమందిలో నిజంగా ప్రాణభయంతో పారిపోయిన మనిషి ఉంటే? అతన్ని గుర్తుపట్టడానికే కదా ఇంటర్వ్యూ, అప్పీలు. 2026 జూన్ 12 నుంచి అమలయ్యే ఈయూ కొత్త వలస, ఆశ్రయ ఒప్పందంలో మినహాయింపులు రాసుకుని కూడా దేశాన్ని సురక్షితం అనొచ్చు, అంటే ప్రభుత్వాలు కోరుకున్న వెసులుబాటు చట్టసభ ద్వారానే వచ్చింది. నాకు ఆ మార్పు నచ్చలేదు గానీ పద్ధతి మాత్రం అదీ.

పాలకొల్లు శ్రీను:
ఆధారాలు, అప్పీళ్లు అన్నీ బాగానే ఉన్నాయి. తిరస్కరించాక వెనక్కి పోయేదెవరు? వెళ్లిపొమ్మని ఆర్డరు అందుకున్నవాళ్లలో సుమారు ఐదుగురికి ఒక్కరే వెళ్తున్నారని 2025లో కమిషనే చెప్పింది. జనానికి మండేది అక్కడే. 2025 మార్చిలో జాడర్‌ను, వెనక్కి పంపాల్సినవాళ్లను ఉంచే కేంద్రంగా మార్చారంటే ఇందుకే.

నాగావళి:
చాలాసార్లు అది ఆగేది సొంత దేశం ప్రయాణ పత్రాలు ఇవ్వక. ఢాకాతోనో కైరోతోనో మాట్లాడి ఆ కాగితాలు తెప్పించాల్సింది మంత్రులు, రోమ్ జడ్జి కాదు. జాడర్‌కు మార్చినా ఆ కాగితం లేకుండా విమానం ఎక్కించలేరు, నిర్బంధం గడువు అయ్యాక మళ్లీ ఇటలీకే తేవాలి. ఆ 67 కోట్లలో కొంతైనా సిసిలీలో ఇంటర్వ్యూ అధికారులకు, బెంగాలీ, అరబిక్ దుబాసీలకు పెట్టి ఉంటే దరఖాస్తులూ త్వరగా తేలేవి, కోర్టులో ఆ నిర్ణయాలూ నిలిచేవి. మెలోనీ ప్రభుత్వం మీద నా కంప్లయింటు ఇదే శ్రీను గారూ, దీనికి మీ జవాబేంటో చెప్పండి.